బుక్కరాయలూ... ఒక్క గుక్క మద్యమూ

మా ఆడపడుచు కూతురు కిందటేడు భర్తతో కలిసి ఇటలీ వెళ్ళొచ్చింది. దసరా ముందు మా ఇంటికి వచ్చి ఆ ఫోటోలన్నీ ఫోన్‌లో చూపించింది. పొద్దున్నే బస్సెక్కించుకుని, గైడును వెంటపెట్టి, సియెనా, సాన్ జిమిన్యానో అనే పాతకాలపు ఊళ్ళు తిప్పుతారట. మధ్యాహ్నం ఓ ద్రాక్షతోటలో ఆపి, నాలుగైదు రకాల వైను గ్లాసు అడుగున కాస్త కాస్త పోసి రుచి చూపిస్తారట. సాయంత్రానికల్లా బస దగ్గర దింపేస్తారు. చరిత్రా, సరదా రెండూ ఒక్క రోజులోనే! అంతా చెప్పి, అత్తయ్యా మీ ఆదోనిలో చూడ్డానికేముంది అని అడిగింది పిల్ల.

నాకు చురుక్కుమంది. కోట కింద కాపురం పెట్టి పదిహేనేళ్ళయింది. పాలవాడి కోసం వాకిట్లోకి వస్తే ఎదురుగా కనిపించేది ఆ కొండలే. కానీ ఎక్కింది ఎన్నిసార్లని? మహా అయితే రెండుసార్లు. ఇంటికి చుట్టాలు వస్తే మహాయోగి లక్ష్మమ్మవ్వ గుడికి, లేదంటే మంత్రాలయానికి తీసుకుపోతాం. కోట గురించి మనకే తెలియకపోతే వాళ్ళకేం చెబుతాం?

ఆ రాత్రే మావారితో చెప్పి జీపు మాట్లాడించాను. గైడుగా మా పక్కవీధి చరిత్ర మాస్టారు ఒప్పుకున్నారు. రిటైరయినా పాఠం చెప్పే సరదా తీరని మనిషి. నేనూ, అమ్మాయీ, ఎదురింటి వదినా, మాస్టారి భార్యా బయల్దేరాం. మా ఇంట్లో పనిచేసే ఆమెది దేవరగట్టు దగ్గర పల్లె. చివరికి అక్కడికే పోతున్నామని తెలిసి, తానూ వస్తానని జీపెక్కింది.

పొద్దున్నే ఉగ్గాని, బజ్జీలు తిని బారాకిల్లా కొండ ఎక్కడం మొదలుపెట్టాం. కూలిన బురుజులు, రాతిగోడలు, ముళ్ళకంపలు. ఇప్పుడు కనిపించే గోడల్లో చాలావరకు తర్వాతి కాలాలవే. విజయనగరం రాజులూ, బీజాపూరు సుల్తానులూ, మొగలులూ అందరూ ఏలిన కోట ఇది. 1786లో టిప్పు సుల్తాన్ పట్టుకుని చాలా భాగం పాడుచేశాడు. అయితే మాస్టారు ఓ బండమీద కూర్చుని చెప్పింది వీళ్ళెవరి కథా కాదు. బుక్కరాయల కథ. అందులో వైను కూడా ఉందమ్మా అన్నారు మా అమ్మాయి వైపు చూసి నవ్వుతూ.

బుక్కరాయల పేరు మనం హరిహర బుక్కరాయలని జంటగానే చదువుకున్నాం కదా! సంగముడికి ఐదుగురు కొడుకులు. వాళ్ళలో హరిహరుడూ, బుక్కడూ అన్నదమ్ములు. వాళ్ళు మొదట ఓరుగల్లులో కాకతీయుల కొలువులో ఉన్నారనీ, ఓరుగల్లు పడిపోయాక కంపిలికి చేరారనీ, అక్కణ్ణించి ఢిల్లీకి బందీలుగా పోయి తిరిగొచ్చారనీ ఒక కథనం. అది నిజమా కాదా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. 1336లో తుంగభద్ర ఒడ్డున విజయనగరం పునాది పడిందని మాత్రం మనమంతా చెప్పుకుంటాం. అన్న పోయాక 1356 నుంచి 1377 దాకా, ఇరవై ఒక్క ఏళ్ళు బుక్కరాయలు ఏలాడు.

ఆ రోజుల్లోనే ఉత్తరాన గుల్బర్గాలో బహమనీ సుల్తానులు లేచారు. కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న రాయచూరు, ముద్గల్ నేల కోసం ఇద్దరికీ పోరు. నల్లరేగడి, రెండు నదుల నీళ్ళు! ఎవరికి చేదు చెప్పండి? ఆ నేలకు దక్షిణపు వాకిట్లో కాపలా ఉన్నట్టు ఉంటుంది మన ఆదోని.

1366లో గుల్బర్గాలో పెద్ద వేడుక జరిగింది. సుల్తాను మొదటి మహమ్మద్ షా మద్యం తాగుతూ పాట వింటున్నాడు. ఢిల్లీ నుంచి వచ్చిన గాయకులు మూడు వందలమంది. పాట విని పొంగిపోయి వాళ్ళకు బహుమానం ఇమ్మన్నాడు. ఎక్కణ్ణించి? తన ఖజానా నుంచి కాదు, విజయనగరం రాజు ఖజానా నుంచి! ఆ మేరకు రాజుకు హుండీ రాయమన్నాడు. మంత్రి సైఫుద్దీన్ ఘోరీ అనుభవం ఉన్నవాడు. మత్తులో అన్న మాటలే, తెల్లారితే మరిచిపోతాడులే అని ఊరుకున్నాడు. కానీ మర్నాడు సుల్తాను ఆ కాగితం పంపావా అని అడిగాడు. లేదనేసరికి, నా నోటి నుంచి వచ్చిన మాట వట్టిపోతుందా అని పట్టుబట్టి పంపించాడు.

ఇక్కడ మా ఎదురింటి వదిన గట్టిగా నవ్వింది. తాగినప్పుడు అన్నమాటను మర్నాడు పరువు కోసం పట్టుకు వేలాడే మగవాళ్ళు సుల్తానుల్లోనే ఉన్నారా ఏమిటి!

ఆ కాగితం చూసి బుక్కరాయలకు ఒళ్ళు మండింది. తెచ్చిన దూతను గాడిదమీద ఎక్కించి ఊరంతా ఊరేగించి పంపాడు. అక్కడితో ఆగలేదు. పెద్ద సైన్యంతో ఆదోని వచ్చి దిగాడు. ఇక్కణ్ణించి పోయి ముద్గల్ కోటను పట్టుకున్నాడు. లోపలున్న ఎనిమిది వందలమందినీ చంపేశారనీ, ఆడవాళ్ళనీ పిల్లల్నీ కూడా వదల్లేదనీ ఫెరిష్తా రాశాడు. ఒక్కడు తప్పించుకుని గుల్బర్గా పోయి సంగతి చెబితే, తోటివాళ్ళు చచ్చిపోతే నువ్వెలా బతికావని సుల్తాను ఆ ఒక్కణ్ణీ చంపించాడట. లక్షమందిని చంపేదాకా కత్తి దించనని ఒట్టు పెట్టుకుని తుంగభద్ర దాటాడు.

ఫెరిష్తా ఈ చరిత్రను రెండు వందల ఏళ్ళు పైబడిన తర్వాత బీజాపూరులో కూర్చుని పార్సీ భాషలో రాశాడు. ఆయన చెప్పే లెక్కలన్నీ పెంచినవే కావచ్చునని మాస్టారు హెచ్చరించారు. రాజు పేరు కూడా ఆయన కిషన్ రాయ్ అని రాశాడు, అది బుక్కరాయలేనని చరిత్రకారులు పోల్చుకున్నారు. అంకెలు ఎలా ఉన్నా, ఊళ్ళకు ఊళ్ళు పాడయ్యాయన్నది మాత్రం అబద్ధం కాదు. బుక్కరాయలు ఆదోని కోటను మేనల్లుడికి అప్పగించి కదిలాడు. 1367లో పెద్ద యుద్ధం కౌతాళం దగ్గర జరిగిందని చెబుతారు.

కొండ దిగి మేమూ కౌతాళం దారి పట్టాం. ఇరుపక్కలా పత్తిచేలు. అక్కడక్కడా ఆడకూలీలు ఒళ్ళో పత్తి నింపుకుంటున్నారు. ఇదే నేల మీద కదా ఆనాడు ఏనుగులు తిరిగింది అనిపించింది. ఆనాటి ఆడవాళ్ళు ఏ చేనులో ఉన్నారో, ఎటు పరిగెత్తారో! మూడు వందలమంది పాటగాళ్ళ సంగతి చరిత్రలో ఉంది. వాళ్ళ బహుమానం ఖరీదును ప్రాణాలతో కట్టిన ఆడవాళ్ళ పేరు ఒక్కటి కూడా లేదు.

ఒక వేపచెట్టు కింద జీపు ఆపి అన్నాలకు కూర్చున్నాం. జొన్నరొట్టెలు, గుత్తివంకాయ, శెనక్కాయల పొడి, కుండలో మజ్జిగ. మా వైను ఇదేనమ్మా, రుచి చూడు అని అమ్మాయికి గ్లాసు అందిస్తే పకపకా నవ్వింది. ద్రాక్ష ఇక్కడ కొత్తదేం కాదని మాస్టారు చెప్పారు. బుక్కరాయల తర్వాత నూటయాభై ఏళ్ళకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, విజయనగరం అంగళ్ళలో ద్రాక్షగుత్తులు అమ్మడం చూసి రాసుకున్నాడట.

కథ మిగిలింది వినండి. చివరికి బుక్కరాయల మనుషులే ఇక చాలు, సంధి చేసుకుందాం అన్నారు. రాజు ఒప్పుకుని రాయబారుల్ని పంపాడు. సుల్తాను అడిగింది ఏమిటో తెలుసా? రాజ్యం కాదు, కోట కాదు. ఆ గాయకుల డబ్బు! రాయబారులు అక్కడికక్కడే చెల్లించారు. అంతమంది చచ్చాక ఆ కాగితం చెల్లింది. సుల్తాను తన మాట నెగ్గిందని తృప్తిపడ్డాడట.

అప్పుడు ఆ రాయబారులు ఇంకో మాట కదిపారు. తప్పు చేసింది రాజయితే, ఏ పాపం ఎరగని ఆడవాళ్ళూ పిల్లలూ ఎందుకు చావాలని అడిగారు. ఇక ముందు గెలిచినవాళ్ళు ఆయుధం లేనివాళ్ళ జోలికి పోకూడదని రెండు పక్షాలూ ఒప్పందం చేసుకోవాలని కోరారు. సుల్తాను ఒట్టు వేశాడు. తన తర్వాత వచ్చేవాళ్ళు కూడా పాటించాలన్నాడు. ప్రతిసారీ పాటించారని కాదు. 1420లలో అహ్మద్ షా ఆ మాట పక్కనబెట్టి మళ్ళీ ఊచకోత కోశాడు. అయినా అలాంటి మాట ఒకటి పుట్టింది చూశారా, అదీ గొప్ప.

సుల్తాను కథకు ఒక కొస ఉంది. దౌలతాబాదులో షేక్ జైనుద్దీన్ అనే గురువు, తాగే రాజుకు విధేయత చెప్పనని మొండికేశాడు. ఆఖరికి సుల్తానే తగ్గి, రాజ్యమంతటా సారా బట్టీలు మూయించాడని ఫెరిష్తాయే రాశాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు చేసింది గుర్తొచ్చింది నాకు. వాళ్ళ పోరాటం వల్లే 1993లో సారా ఆగింది. 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధమే వచ్చింది, 1997లో ఎత్తేశారు. మూయించడం, మళ్ళీ తెరవడం ఈనాటివి కావన్నమాట!

బుక్కరాయల మాటకొస్తే, ఆ మనిషి మిగతా జీవితం నాకు మరీ నచ్చింది. యుద్ధం ముగిసిన ఏడాదికే, 1368లో, జైనులు వచ్చి వైష్ణవులు తమను బాధపెడుతున్నారని మొరపెట్టుకున్నారు. ఈసారి ఎవర్నీ గాడిదెక్కించలేదు. రెండు మతాల పెద్దల్నీ పిలిపించి, జైనుల చేతుల్ని వైష్ణవుల చేతుల్లో పెట్టి, ఇద్దరికీ తేడా లేదని తీర్పు చెప్పాడు. శ్రవణబెళగొళలో ఆ శాసనం ఇప్పటికీ ఉంది. సాయణాచార్యుడు వేదాలకు వ్యాఖ్యానం రాసింది ఈయన అండతోనే. మన తెలుగు కవి నాచన సోమనకు అగ్రహారం ఇచ్చిందీ ఈయనే. 1374లో చైనాకు రాయబారం కూడా పంపాడు.

కొడుకు కుమార కంపన మధుర మీదికి దండెత్తి గెలిస్తే, ఆ కథను కోడలు గంగాదేవి సంస్కృతంలో కావ్యంగా రాసింది. పేరు మధురావిజయం. ఆరువందల ఏళ్ళ కిందట ఒక ఇంటి కోడలు యుద్ధం గురించి కావ్యం రాసిందంటే, వంటింట్లో పొయ్యి కట్టేశాక కథలు రాసుకునే నాబోటిదానికి ఎంత ధైర్యం! ఆ తాళపత్రాలు 1916లో తిరువనంతపురంలో దొరికేదాకా ఆమె సంగతి మనకు తెలియనే తెలియదు.

పొద్దు వాలుతుండగా హొళగుంద మీదుగా దేవరగట్టు చేరాం. కొండమీద మాళ మల్లేశ్వరస్వామి. దసరా రాత్రి ఇక్కడ జరిగే బన్ని గురించి మీరు పేపర్లలో చదివే ఉంటారు. నడిరాత్రి స్వామి కల్యాణం అయ్యాక ఉత్సవమూర్తులు కదులుతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఊళ్ళవాళ్ళు ఒకవైపు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మరోవైపు. చేతుల్లో కర్రలు, దివిటీలు. ఏటా తలలు పగులుతాయి, ప్రాణాలు పోయిన ఏళ్ళూ ఉన్నాయి. భక్తులకది ఆచారం, స్వామి సేవ. పోలీసులూ అధికారులూ ఏటా మొత్తుకునేది మాత్రం ఒకటే, తాగి రావద్దని.

దారిపొడుగునా మాట్లాడని మా పనామె అక్కడ నోరు విప్పింది. పదేళ్ళ కిందట ఆమె మొగుడి తల పగిలింది ఇక్కడే. కుట్లు పడ్డాయి, ఏడాదిదాకా పనికి పోలేదు. కొట్టినవాడెవరో ఇప్పటికీ తెలియదు. ఆ రాత్రి మొగుడూ తాగే ఉన్నాడు, కొట్టినవాడూ తాగే ఉంటాడంటుంది. ఈ ఏడు ఆమె కొడుక్కి పద్దెనిమిది నిండాయి. బన్నికి పోతానంటున్నాడు. వద్దంటే ఊళ్ళో తలెత్తుకోలేననీ అంటున్నాడు. అందుకే మాతో వచ్చింది, స్వామికి చెప్పుకోవడానికి.

ఆమె ఇంకో సంగతి చెప్పింది, అది మాస్టారికి తెలిసినదే గానీ మాకు కొత్త. బన్నికి ముందు ఆ మూడు ఊళ్ళవాళ్ళు పాలు ముట్టుకుని ఒట్టు వేసుకుంటారు, పాత కక్షలేవీ మనసులో పెట్టుకోమని. దాన్నే పాలబాస అంటారు. కంకణం కట్టినప్పటి నుంచీ నియమంగా ఉంటారు, మద్యం ముట్టరు. అంటే అసలు ఆచారంలో ఉన్నది పాలు. మద్యం తర్వాత వచ్చి కలిసిందే!

గుడిలో కొబ్బరికాయ కొట్టి మా పనామె చాలాసేపు కళ్ళు మూసుకుంది. బయటికొచ్చాక ఏం మొక్కుకున్నావని అడిగాను. కొడుకును ఆపమని మొక్కలేదట. వాడు వింటాడా! ఇంటికి పోయి వాడిచేత కూడా పాలమీద ఒట్టు వేయిస్తుందట, ఆ రాత్రి చుక్క ముట్టకుండా పోవాలని, కిందపడినవాడి మీద కర్ర ఎత్తకూడదని. మాస్టారు ఆమెకేసి అలాగే చూస్తూ ఉండిపోయారు. చదువురాని ఈమె అడుగుతున్నదీ, ఆనాడు బుక్కరాయల రాయబారులు అడిగిందీ ఒకటే కదా!

తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. ఇటలీ అమ్మాయి ఒక్క ఫోటో కూడా చూసుకోకుండా మా పనామె పక్కనే కూర్చుంది. దసరా మర్నాడు పొద్దున్న ఎనిమిదైనా ఆమె పనికి రాలేదు. గిన్నెలు నేనే తోముకుంటూ వీధి వైపు చూస్తూనే ఉన్నాను. తొమ్మిదింటికి వచ్చింది. వెనకాల కొడుకు, భుజానికి చిన్న గీరు తప్ప ఇంకేం లేదు. రాత్రంతా నిద్రలేదేమో, గడపలో కూర్చుని కాఫీ ఇస్తావా అక్కా అంది.

ఆ రోజు చిక్కని పాలతో కాఫీ పెట్టాను, ఇద్దరికీ.