కాటన్ దొర - గోదావరి ఆనకట్ట

క్రీ. శ. 1821వ సంవత్సరమున రాజమహేంద్రవరపు జిల్లా జనసంఖ్య 7,38,308. ఇరువది యేండ్లు గడచి 1841లో లెక్కింపగా అది 5,61,041కి దిగెను. ఈ రెండంకెలను ఒకదాని క్రింద నొకటి వ్రాసి తీసివేసినచో తేలు శేషము 1,77,267. వీరిలో కరువులకును రోగములకును బలియైనవారు కొందరు. పొట్ట చేతబట్టుకొని ఊళ్లు విడిచిపోయినవారు కొందరు. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు సీమను పాడుపెట్టెను. 1839లో తుపాను కోరంగి తీరమును ముంచెను. అంతటి దుర్దశలోను గోదావరీమాత ప్రతి వర్షర్తువునందును ఒడ్డులొరసి ప్రవహించి, యెండిన చేల నడుమనుండియే సముద్రమును చేరుచుండెను. ఈ వింతకు పరిష్కారము కనుగొన్నవాడు సర్ ఆర్థర్ కాటన్.

ఆయన 1803వ సంవత్సరము మే నెలలో ఇంగ్లండు దేశమున జన్మించెను. బాల్యముననే సైనిక విద్యాలయమున ఇంజనీరు విద్య నభ్యసించి, 1821లో చెన్నపట్టణము చేరెను. జిల్లా జనసంఖ్యలో మొదటి యంకె నమోదైన సంవత్సరమే ఆయన యీ దేశమున కాలుపెట్టుట గమనింపదగినది.

ఆయనకు నిజమైన గురువు కావేరి. తంజావూరు సీమలో నానాటికి కావేరి పూడిపోవుచు, నీరంతయు కొల్లడము పాయలోనికి జారిపోవుచుండెను. కాటన్ ఆ కొల్లడమునకు అడ్డముగా రెండానకట్టలు కట్టించెను. 1836లో అవి పూర్తి కాగా తంజావూరు మాగాణి నిలిచినది. అక్కడనే కరికాల చోళుడు కట్టించినదని ప్రతీతి గల ప్రాచీనపు కల్లణైని ఆయన శ్రద్ధగా పరిశీలించెను. అడుగున రాయి తగులని ఇసుక నేలపైనను కట్టడము నిలుచునని మన పూర్వులు ఋజువు చేసియుండిరి. ఆ విద్యను మన దేశమునుండియే నేర్చితినని చెప్పుకొనుటకు ఆయన వెనుదీయలేదు. పాలక జాతివారిలో ఇట్టి వినయము అరుదు.

1844లో ఆయన గోదావరి మండలమును పరిశీలించి ప్రభుత్వమునకు నివేదిక నంపెను. ఇచ్చట రైతు కష్టము ఏమన, ఈ డెల్టాలో ఏటికి సుమారు నలుబది అంగుళముల వాన కురియును. మొత్తము చూడగా అది తక్కువ కాదు. కాని వరికి కావలసినది మొత్తము కాదు, అదను. ఆర్ద్రలో నారు పోయుటకు నీరుండి, పుష్యమిలో ఊడ్పునకు లేకపోవచ్చును. ఊడ్చిన చేను చిత్త, స్వాతి కార్తెలలో పొట్టమీద నుండగా వాన ముఖము చాటువేయవచ్చును. ఒక్క పక్షము తప్పినను పంట తాలుగా మారును. అయితే గోదావరి నీరు డెల్టాలోని వాన వలన వచ్చునది కాదు. నాసిక వద్ద పుట్టిన నదికి ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తోడై, విదర్భలోను బస్తరు అడవులలోను కురిసిన వానను మోసికొనివచ్చును. కోనసీమలో మేఘము లేని దినమునగూడ ధవళేశ్వరము వద్ద వరద పారుట అందుచేతనే. ఒకచోటి వాన తప్పిన నాడు మరియొకచోటి వాన నాదుకొనునట్లు చేయుటయే ఆయన యోచన. అంతకుముందు కాలువలు లేకపోలేదు. కాని పెద్ద వరద వచ్చిననే వానిలోనికి నీరెక్కును, వరద తీయగానే ఎండిపోవును. నదిమట్టమును ఎత్తిన చాలును, కాలువలు అదను తప్పక పారును.

1847లో పని ప్రారంభమైనది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, నడుమ లంకలను ఆనుకొని ఆనకట్ట లేచెను. లంకలను విడిచి కట్టడపు పొడవే రెండు మైళ్లకు పైబడినది; ఎత్తు పండ్రెండడుగులు. ఇసుకలో ఆరడుగుల వ్యాసము గల బావులను ఆరడుగుల లోతునకు దింపి, వానిపై కట్టుబడి నిలిపిరి. రాయి ప్రక్కనున్న ధవళేశ్వరపు కొండనుండియే వచ్చెను. వేలకొలది కూలీలను కూడగట్టి పని నడిపించుటలో వీణం వీరన్నగారు ఆయనకు కుడిభుజము. 1852లో ఆనకట్ట పూర్తియైనది. గన్నవరము వద్ద వైనతేయ పాయపై కాలువను దాటించు నలుబదితొమ్మిది ఖానాల అక్విడక్టును హేగ్ అను యువ ఇంజనీరు కట్టించెను. తరువాత బెజవాడ వద్ద కృష్ణానకట్టయు లేచెను. కాలువలపై పడవలు నడచెను, వలసపోయిన పల్లెలు తిరిగి వెలసెను. 1861లో కాటన్ దొరకు సర్ బిరుదము లభించినది.

ఈ ఆనకట్ట నీటిని మళ్లించునే గాని నిలువ చేయదు. కనుక సార్వాకు కొదువ లేకున్నను, వేసవి దాళ్వాకు నదిలో నీరు చాలదు. నేటికిని దాళ్వా కాలమున సీలేరు నుండి విడుచు నీటికొరకు రైతు ఎదురుచూచుట ఇందువలననే.

ఆయన యోచన అన్నిచోట్లను ఫలించెనని చెప్పుట సత్యము కాదు. తుంగభద్రపై సుంకేసుల నుండి కర్నూలు, కడపలకు కాలువ త్రవ్వవలెనని ఆయన పట్టుపట్టగా, ఒక ఇంగ్లీషు కంపెనీ ఆ పనికి పూనుకొనెను. కాలువ పారినది, రైతు మాత్రము నీరు కొనలేదు. అది నల్లరేగడి నేల. వెనుకటి వానల తేమను కడుపులో దాచుకొని, జొన్నను పత్తిని పండించు నేల. సామాన్యమైన యేట ఆ రైతునకు కాలువతో పని లేదు; పన్ను కట్టి నీరు పెట్టుట దండుగ. కరువు వచ్చిన 1876-78లో మాత్రము ఆ నీటి విలువ తెలిసెను. కంపెనీ నష్టపడి, 1882లో ప్రభుత్వమే కాలువను కొనవలసివచ్చెను. వరి డెల్టాకు సరిపోయిన లెక్కను రేగడి సీమకు వర్తింపజేయుటయే ఆయన పొరబాటు. రైళ్లకంటె కాలువలే కరువును తీర్చునని ఆయన జీవితాంతము వాదించెను. 1878లో పార్లమెంటు సంఘమువారు ఆయనను ప్రశ్నలతో వేధించినపుడును ఆ మాటనే నిలిపెను.

పాత ఆనకట్ట స్థానమున 1982 నాటికి ఆయన పేరనే క్రొత్త బ్యారేజి వెలసినది. సుమారు పది లక్షల యెకరములు దానిక్రింద సాగగుచున్నవి. నదీస్నానవేళ ఆయనను తలచి తర్పణము విడుచువారు గోదావరి తీరమున గలరు.

ఉద్యోగము విరమించి స్వదేశమున డార్కింగు అను ఊర నివసించుచు, తొంబదేండ్ల ముదిమిలోగూడ ఆయన తోటలో నేలను లోతుగా త్రవ్వించి గోధుమ పండించి చూచుచుండెను. 1899 జూలైలో, తొంబదియారవ యేట, మరణించెను.