మచ్చ కాదు, కవచం

మా సూళ్లూరుపేటలో మా ఎదురింటి పిల్లాడికి తలసీమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఈ జబ్బు కోడలి పుట్టింటి నుంచే వచ్చిందని అత్తగారు ఆ పిల్లని సాధిస్తూండేది. ఓ మధ్యాహ్నం ఆ అమ్మాయి మా వంటింటి గడపలో కూర్చుని ఏడ్చింది. ఏం చెప్పి ఊరుకోబెట్టాలో తెలియక, ఆ జబ్బు గురించి చదవడం మొదలెట్టాను. అలా పరిచయమయ్యారు నాకు జె.బి.ఎస్. హాల్డేన్.

ఆయన 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి కూడా శాస్త్రవేత్తే. ప్రమాదకరమైన ప్రయోగాలు తండ్రీకొడుకులు తమ ఒంటిమీదే చేసుకునేవారు. హాల్డేన్ దగ్గర జన్యుశాస్త్రం నేర్చుకున్న పీటర్ గోరర్ 1930లలో చుంచెలుకల్ని పరిశీలించారు. పరాయి కణాల్ని శరీరం తిప్పికొట్టడానికి పుట్టుకతో వచ్చే కొన్ని గుర్తులే కారణమని చూపారు. మనుషుల్లో అలాంటి గుర్తుల్నే హెచ్.ఎల్.ఎ. అంటారు. తలసీమియా పిల్లలకి తోబుట్టువుల మూలుగ సరిపోతుందో లేదో ఈనాడు డాక్టర్లు చూసేది వాటినిబట్టే.

ఇక హాల్డేన్ 1949లో ఓ మాట ముందుకు తెచ్చారు. మలేరియా ఉన్నచోటే తలసీమియా ఎక్కువెందుకు? ఆ జన్యువు ఒక్కటే ఉన్నవాళ్లు మామూలుగానే తిరుగుతారు, పైగా మలేరియాని బాగా తట్టుకుంటారని ఆయన ఊహ. తర్వాతి పరిశోధనలు దాన్ని బలపరిచాయి. అంటే అది వంశానికి మచ్చ కాదన్నమాట, ఏ తాతముత్తాతలనో కాపాడిన కవచం! అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి కలిసినప్పుడే బిడ్డకి జబ్బు. అలాంటి దంపతులకి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒకవంతు ఆ ప్రమాదం ఉంటుంది.

1957లో హాల్డేన్ మనదేశానికి వచ్చేసి, తర్వాత భారత పౌరులయ్యారు. మన పిఠాపురంలో పుట్టిన ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు ఆంధ్రలోని మేనరికాలను పరిశీలించారు. 1964 డిసెంబర్ 1న హాల్డేన్ భువనేశ్వర్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకి అప్పగించారు. ఎక్కడి ఆక్స్‌ఫర్డ్, ఎక్కడి కాకినాడ!

ఇదంతా ఎదురింటి పెద్దావిడకి నెమ్మదిగా చెప్పాను. వెంటనే నమ్మలేదు. కొడుక్కీ రక్తపరీక్ష చేయించాక మాత్రం సాధింపు ఆగింది. ఇప్పుడు మనవణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లేది ఆవిడే.

మా అమ్మాయికి సంబంధాలు చూసే రోజొస్తే, జాతకాల కంటే ముందు ఇద్దరికీ తలసీమియా పరీక్ష చేయించమంటాను. మీరూ అడగండి. ఇందులో నామోషీ ఏముంది?