క్రీడాగురువు జేమ్స్ నైస్మిత్

ప్రపంచంలోని ఆటలలో అధికభాగం ఎప్పుడు పుట్టాయో, ఎవరు పుట్టించారో తెలియదు. తరతరాలుగా జనం ఆడగా ఆడగా అవి రూపుదిద్దుకొన్నాయి. బాస్కెట్‌బాల్ అందుకు భిన్నమైనది. దానికి పుట్టిన ఊరు ఉంది, పుట్టిన తేదీ ఉంది, పుట్టించిన మనిషి ఉన్నాడు. ఆయనే జేమ్స్ నైస్మిత్. దేవాలయ వేదికపై ధర్మబోధ చేయవలసిన ఆ వ్యక్తి వ్యాయామశాలను తన కార్యక్షేత్రంగా ఎంచుకొన్నాడు. యువకుల శీలాన్ని తీర్చిదిద్దడానికి ప్రసంగం ఎంత సాధనమో, ఆట కూడా అంతే సాధనమని నమ్మి, జీవితాంతం ఆ నమ్మకానికి కట్టుబడి నిలిచాడు.

నైస్మిత్ 1861 నవంబర్ 6న కెనడా దేశంలోని ఒంటారియో రాష్ట్రంలో, ఆల్మాంట్ పట్టణ సమీపాన జన్మించాడు. ఆయన తల్లిదండ్రులు స్కాట్లాండ్ నుండి వలస వచ్చిన కుటుంబాలకు చెందినవారు. 1870లో టైఫాయిడ్ జ్వరం ఆ ఇంటిని కబళించింది. తల్లీ తండ్రీ ఇద్దరూ స్వల్పకాలంలోనే మరణించారు. తొమ్మిదేళ్ల ప్రాయంలో అనాథ అయిన జేమ్స్‌ను, అతని తోబుట్టువులను మేనమామ పీటర్ యంగ్ చేరదీశాడు. ఆయన దైవభక్తి గలవాడు, క్రమశిక్షణ విషయంలో కఠినుడు. పొలం పనులు, గుర్రాల సంరక్షణ, చలికాలంలో కట్టెలు కొట్టడం ఆ బాలుని దినచర్యలో భాగాలయ్యాయి.

తీరిక దొరికినప్పుడు జేమ్స్ ఊరి పిల్లలతో కలిసి ఒక రాళ్ల ఆట ఆడేవాడు. పెద్ద బండపై ఒక చిన్న రాయిని ఉంచి, దూరం నుండి మరొక రాయి విసిరి దానిని పడగొట్టాలి. బలంకొద్దీ విసిరిన రాయి గురి తప్పితే దూరంగా దొర్లిపోయేది. దానిని తెచ్చుకొనేలోగా కాపలా ఉన్నవాడు పట్టుకొనేవాడు. మెల్లగా, విల్లులా వంపు తిరిగేటట్లు విసిరినవాడికే లాభం కలిగేది. బలం కంటె నేర్పు మిన్న అని ఆ పల్లె ఆట నేర్పిన పాఠం ఇరవై ఏళ్ల తరువాత లోకానికి ఉపయోగపడింది.

జేమ్స్ చదువు సాఫీగా సాగలేదు. ఉన్నత పాఠశాల చదువును మధ్యలో విడిచి, అడవులలో చెట్లు నరికే కూలిగా కొన్నేళ్లు పనిచేశాడు. అనంతరం మనసు మార్చుకొని, తనకంటె చిన్నవారి సరసన కూర్చొని పాఠశాల చదువు పూర్తిచేశాడు. 1883లో మాంట్రియల్ నగరంలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. క్రైస్తవ మతబోధకుడై ప్రజలకు సేవ చేయాలన్నది ఆయన ఆశయం. పట్టం పొందిన పిమ్మట ప్రెస్బిటీరియన్ కళాశాలలో వేదాంతవిద్య అభ్యసించాడు.

ఆ రోజులలో భక్తిపరులలో చాలామంది ఆటలను, ముఖ్యంగా ఫుట్‌బాల్‌ను, సైతాను సాధనంగా పరిగణించేవారు. నైస్మిత్ మాత్రం ఫుట్‌బాల్, లాక్రాస్ వంటి ఆటలలో ఉత్సాహంగా పాల్గొనేవాడు. ఆయన ఆత్మ దారితప్పుతున్నదని భావించిన సహాధ్యాయులు కొందరు ఆయన కోసం ప్రార్థనలు కూడ చేశారు. ఒకసారి ఆటలో తగిలిన దెబ్బకు కమిలిన కళ్లతోనే ఆయన ప్రసంగ వేదిక ఎక్కవలసి వచ్చింది.

ఆ సమయంలోనే ఒక చిన్న సంఘటన ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. పోటీ ముమ్మరంగా సాగుతున్నప్పుడు జట్టులోని ఆటగాడొకడు కోపం పట్టలేక తిట్లు లంకించుకొన్నాడు. వెంటనే పక్కన నైస్మిత్ ఉన్నాడన్న సంగతి గుర్తుకు వచ్చి, క్షమించమని వేడుకొన్నాడు. నైస్మిత్ ఎన్నడూ ఎవరి మాటతీరునూ తప్పుపట్టినవాడు కాడు. ఒక్క మాటైనా పలకకుండానే, కేవలం తన నడవడి ఎదుటివాని నాలుకను అదుపులో పెట్టినందుకు ఆయన ఆశ్చర్యపోయాడు. మనుషులను మంచి దారికి మళ్లించడానికి ప్రసంగ వేదిక ఒక్కటే మార్గం కాదని గ్రహించాడు. 1890లో వేదాంత విద్య ముగిసినా, గురుపదవిని స్వీకరించక అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి వెళ్లి, స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వై.ఎం.సి.ఎ. శిక్షణ కళాశాలలో చేరాడు. ఈ నిర్ణయం ఆయన సోదరి ఆనీకి తీవ్రమైన మనస్తాపం కలిగించింది.

1891 శీతకాలంలో ఆ కళాశాలకు ఒక చిక్కు ఎదురైంది. మంచు కురిసే నెలలలో ఆరుబయట ఆటలు సాగవు. వ్యాయామశాలలో చేయించే కసరత్తులు విద్యార్థులకు విసుగు పుట్టించాయి. పద్ధెనిమిది మంది గల ఒక తరగతిని అదుపు చేయలేక ఇద్దరు అధ్యాపకులు చేతులెత్తేశారు. వ్యాయామవిద్యా శాఖాధిపతి లూథర్ గులిక్ ఆ తరగతిని నైస్మిత్‌కు అప్పగించి, నాలుగు గోడల మధ్య ఆడదగిన కొత్త ఆటను రెండు వారాలలో రూపొందించమని ఆదేశించాడు.

నైస్మిత్ మొదట పాత ఆటలనే సవరించి చూశాడు. ఇరుకైన గదిలో ఫుట్‌బాల్ ప్రమాదకరమైంది, లాక్రాస్ గాయాలకు దారితీసింది. గడువు ముగియవచ్చింది. అప్పుడాయన మొరటుతనానికి మూలమెక్కడ ఉందో ఆలోచించాడు. బంతి పట్టుకొని పరుగెత్తేవాణ్ణి ఆపడానికే ఎదుటివారు మీద పడుతున్నారు. బంతితో పరుగెత్తకూడదని నియమిస్తే మీద పడవలసిన అవసరమే ఉండదు. గోలు నేలమట్టాన నిలువుగా ఉన్నందువల్ల బలంకొద్దీ కొట్టాలనే కోరిక పుడుతున్నది. గోలును తలలకు పైన, ఆకాశం వైపు తెరచి ఉండేటట్లు అమర్చితే బలానికి బదులు నేర్పు అవసరమవుతుంది. చిన్ననాటి రాళ్ల ఆట ఆయనకు ఇక్కడే తోడ్పడింది.

కళాశాల పనివాడు పీచ్ పండ్ల బుట్టలు రెండు తెచ్చి ఇచ్చాడు. వాటిని పది అడుగుల ఎత్తున ఉన్న వసారా అంచుకు ఇరువైపులా మేకులతో బిగించారు. నైస్మిత్ పదమూడు నియమాలు రాసి గోడకు అంటించాడు. భుజంతో పొడవడం, పట్టుకోవడం, నెట్టడం, కాలు అడ్డుపెట్టడం, కొట్టడం నిషిద్ధమయ్యాయి. రెండవసారి తప్పు చేసినవాడు తదుపరి గోలు పడే వరకు ఆట నుండి తొలగాలి. గాయపరచాలనే ఉద్దేశం కనిపిస్తే ఆట ముగిసే వరకు అతనికి గాని, అతని బదులు మరొకరికి గాని ప్రవేశం లేదు. ఒక జట్టు వరుసగా మూడు తప్పులు చేస్తే ఎదుటి జట్టుకు ఒక గోలు లభిస్తుంది. ఒకని ఆవేశానికి జట్టంతా మూల్యం చెల్లించాలన్నమాట. నిగ్రహం అనే సద్గుణాన్ని ఆయన ఉపదేశించడానికి బదులు ఆట నియమంలోనే పొదిగాడు.

1891 డిసెంబర్ 21న తొమ్మిదేసి మంది గల రెండు జట్లు తొలి ఆట ఆడాయి. విలియం చేజ్ అనే విద్యార్థి వేసిన ఒకే ఒక్క గోలుతో ఆట ముగిసింది. విసుగుతో విర్రవీగిన ఆ తరగతే ఆటను విడువలేనంతగా ఆదరించింది. ఆటకు ఆయన పేరే పెడదామని ఒక విద్యార్థి ప్రతిపాదించగా నైస్మిత్ నవ్వి కాదన్నాడు. బుట్ట, బంతి ఉన్నాయి కనుక బాస్కెట్‌బాల్ అనే పేరు స్థిరపడింది. ఆటపై హక్కులు పొందడానికి గాని, ధనం ఆర్జించడానికి గాని ఆయన ప్రయత్నించలేదు. 1892 జనవరిలో నియమాలు కళాశాల పత్రికలో అచ్చయ్యాయి. వై.ఎం.సి.ఎ. శాఖల ద్వారా ఆట అనేక దేశాలకు వ్యాపించింది.

1894లో నైస్మిత్ మాడ్ షెర్మన్‌ను వివాహమాడాడు. తరువాత డెన్వర్ నగరంలో వై.ఎం.సి.ఎ.లో పనిచేస్తూనే వైద్యవిద్య చదివి 1898లో పట్టా పొందాడు. అదే సంవత్సరం కాన్సాస్ విశ్వవిద్యాలయం ఆయనను ప్రార్థనా మందిర నిర్వాహకుడుగా, వ్యాయామవిద్యా బోధకుడుగా ఆహ్వానించింది. ప్రార్థన, క్రీడ అనే రెండు బాధ్యతలూ ఒకే వ్యక్తికి దక్కడం ఆయన జీవిత ధ్యేయానికి తగినట్లుగానే ఉంది.

అక్కడ 1907 వరకు ఆయన శిక్షణలో బాస్కెట్‌బాల్ జట్టు 55 పోటీలలో గెలిచి, 60 పోటీలలో ఓడింది. ఆ విశ్వవిద్యాలయ పురుషుల జట్టు శిక్షకులలో గెలుపుల కంటె ఓటములు ఎక్కువగా ఉన్నది ఆ ఆటను సృష్టించినవాడికే! ఆయన దృష్టిలో ఆట ఆడుకోవడానికే గాని, గెలుపు కోసం ఎత్తులు బోధించడానికి కాదు. ఆయన శిష్యుడు ఫాగ్ అలెన్ శిక్షకవృత్తిని చేపట్టబోయినప్పుడు, ఈ ఆటకు శిక్షకుడు దేనికని ఆయన పరిహసించాడు. అలెన్ ఆ మాటకు తలవంచలేదు. కాన్సాస్‌లో గురువు స్థానంలోనే నిలిచి, 39 సీజన్ల పాటు జట్టును నడిపి, మహాశిక్షకుడుగా కీర్తి గడించాడు. శిక్షణ కూడ ఒక శాస్త్రమని నిరూపించాడు. ఈ విషయంలో గురువు అంచనా తప్పింది. అయినా గురుశిష్యుల మధ్య గౌరవం చెక్కుచెదరలేదు.

యుద్ధకాలంలో నైస్మిత్ మతగురువుగా సైనికుల మధ్యకు వెళ్లాడు. 1916లో మెక్సికో సరిహద్దులోని దళానికి సేవచేశాడు. 1917 నుండి 1919 వరకు ఫ్రాన్సులో వై.ఎం.సి.ఎ. పక్షాన పనిచేశాడు. ఇంటికి దూరమై దురలవాట్లకు లోనయ్యే యువసైనికులను ఆటల ద్వారా, ఆత్మీయత ద్వారా నిలబెట్టడానికి కృషి చేశాడు.

ఆయన విశ్వాసానికి నిజమైన పరీక్ష వృద్ధాప్యంలో ఎదురైంది. 1933లో జాన్ మెక్‌లెండన్ అనే నల్లజాతి యువకుడు వ్యాయామవిద్య అభ్యసించడానికి కాన్సాస్ వచ్చాడు. వర్ణవివక్ష కారణంగా విశ్వవిద్యాలయ జట్టులో అతనికి స్థానం లేదు. ఆ కట్టుబాటును నైస్మిత్ తొలగించలేకపోయాడు. అయితే తలుపు మూసి ఊరుకోలేదు. అతనిని శిష్యునిగా స్వీకరించి, తనకు తెలిసినదంతా నేర్పాడు. ఈత కొలను విషయంలోను, పాఠశాలలో బోధనాభ్యాసం విషయంలోను ఎదురైన అడ్డంకులలో అతనికి అండగా నిలిచాడు. ఆడే అవకాశం దక్కని మెక్‌లెండన్ 1936లో పట్టభద్రుడై, శిక్షకుడుగా తన జట్టును 1957, 1958, 1959 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు కళాశాలల జాతీయ విజేతగా నిలిపాడు.

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్‌కు ప్రవేశం లభించింది. ఆ దృశ్యాన్ని సృష్టికర్త కన్నులారా చూడాలని అమెరికా శిక్షకులు చందాలు పోగుచేశారు. అందుకు పూనుకొన్నవారిలో అలెన్ ముఖ్యుడు. శిక్షకుడే అవసరం లేదన్న గురువును శిక్షకులే సముద్రాలు దాటించారు. వానలో తడిసిన ఆరుబయలు మైదానంలో జరిగిన తుదిపోటీలో అమెరికా 19-8 తేడాతో కెనడాపై గెలిచింది. ఒకటి ఆయన జన్మభూమి, మరొకటి కర్మభూమి. మూడవ స్థానం మెక్సికోకు దక్కింది. నైస్మిత్ 1937లో ఉద్యోగ విరమణ చేసి, 1939 నవంబర్ 28న కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణంలో కన్నుమూశాడు. ఆయన సొమ్ము చేసుకోని ఆ పదమూడు నియమాల ప్రతి 2010లో జరిగిన వేలంలో నలభై లక్షల డాలర్లకు మించిన ధర పలికింది.

నైస్మిత్ చదివి, బోధించిన స్ప్రింగ్‌ఫీల్డ్ కళాశాల వెలుగు మన ప్రాంతానికి కూడ ప్రసరించింది. అక్కడ విద్యనభ్యసించిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామవిద్యా కళాశాలను స్థాపించాడు. తెలుగు జిల్లాలలో అనేకం అప్పుడు మద్రాసు రాజధానిలో భాగాలు. మన పాఠశాలల ఆటస్థలాలలో నిలిచిన బాస్కెట్‌బాల్ స్తంభాల వెనుక ఆ పరంపర ఉంది.

గెలుపు ఓటముల పట్టికలో నైస్మిత్ స్థానం చిన్నదే. కాని ఆయన వద్ద నేర్చినవారు, వారి వద్ద నేర్చినవారు లోకమంతటా శిక్షకులయ్యారు. మతవిశ్వాసాన్ని ఆయన మాటలలో కంటె నడవడిలో చూపాడు. అధికారం కంటె ఆదర్శం మనుషులను ఎక్కువగా మార్చుతుందని ఆయన జీవితం చాటుతున్నది.