ఎడ్వర్డు జెన్నరు : మఱుగుపడిన యొక పరిశోధన

మశూచికపు టీకా యన్నంతనే ఎడ్వర్డు జెన్నరు పేరు మనకు జ్ఞప్తికి వచ్చును. 1796వ సంవత్సరము మే నెల 14వ తేదీన ఆయన జేమ్సు ఫిప్సు అను ఎనిమిదేండ్ల బాలుని చేతికి గోమశూచికపు రసిని ఎక్కించి, పిమ్మట ఆ బాలునకు మశూచికము సోకకుండుటను నిరూపించెను. నాడు నాటిన ఆ బీజమే వృక్షమై, 1980లో ఆ వ్యాధి భూమండలమున ఎచ్చటను లేదని ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించుటకు కారణమయ్యెను. ఒక్క కార్యమువలన ఇంతటి కీర్తి కలిగినపుడు, ఆ మహనీయుని తక్కిన కృషి దాని నీడలో మఱుగుపడుట లోకసహజము. గుండెజబ్బును గూర్చి జెన్నరు చేసిన పరిశోధన అట్లు మఱుగుపడినదే. అందు విజ్ఞానమే కాక ఒక గొప్ప ధర్మసంకటము కూడ ఇమిడియున్నది. కావున దానిని మా పాఠకులకు తెలుపుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

జెన్నరు 1749వ సంవత్సరము మే నెల 17వ తేదీన ఇంగ్లండు దేశమున గ్లాస్టరుషైరు మండలమునందలి బర్క్‌లీ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి ఆ యూరి సంఘగురువు. తొమ్మండుగురు బిడ్డలలో ఈయన ఎనిమిదవవాడు. ఐదేండ్ల ప్రాయముననే తల్లిదండ్రులిరువురును గతించుటచే పెద్దన్న పోషణమున పెరిగెను. బాల్యమునుండియు పక్షుల గూళ్లను, రాళ్లలో దొరకు ప్రాచీన జీవుల గుర్తులను సేకరించుట ఆయనకు వేడుక. చిన్నతనముననే ఒక పల్లెటూరి శస్త్రవైద్యునియొద్ద శిష్యుడుగా కుదిరి, వైద్యవృత్తి మెలకువలు నేర్చెను. 1770లో, తన ఇరువదియొకటవ యేట, లండను నగరమునకు బోయి జాన్ హంటరునకు శిష్యుడయ్యెను.

హంటరు స్కాట్లండు దేశీయుడు, 1728లో జన్మించినవాడు. శస్త్రవైద్యమును ఊహలనుండి తప్పించి పరిశీలనపై నిలువబెట్టినవారిలో అగ్రగణ్యుడు. జెన్నరు రెండేండ్లు ఆయన యింటనే నివసించి, సెయింట్ జార్జి ఆసుపత్రిలో ఆయన వెంట తిరిగెను. ఊహించి ఊరకుండరాదు, చేసి చూడవలెను, కోసి చూడవలెను అనునదే ఆ గురువు నేర్పిన ముఖ్యపాఠము. జెన్నరు స్వస్థలమునకు మరలి వైద్యము చేయుచున్న కాలమునను ఇరువురి నడుమ ఉత్తరములు ఎడతెగక నడచెను. శీతకాలమంతయు నిద్రించు జంతువుల ఒంటివేడిమిని కొలిచి పంపుమని గురువు కోరును. శిష్యుడు కొలిచి పంపును. కోకిల పిల్ల తన్ను పెంచు పక్షియొక్క గుడ్లను, పిల్లలను గూటినుండి త్రోసివేయునని జెన్నరు కన్నులార చూచి వ్రాసిన వ్యాసము 1788లో రాయల్ సొసైటీ పత్రికలో వెలువడెను. మరుసటి యేట ఆ సంఘము ఆయనను సభ్యునిగా చేర్చుకొనెను.

ఇక గుండెజబ్బు సంగతి. మెట్ట యెక్కునపుడో, భోజనానంతరము నడచునపుడో రొమ్ము నడుమ నొక్కివేసినట్లు బాధ కలుగుట, నిలిచినంతనే అది తగ్గుట, తుదకు రోగి హఠాత్తుగా మరణించుట అను లక్షణములను విలియం హెబర్డెను అను లండను వైద్యుడు 1768లో వైద్యుల సభలో వివరించి, 1772లో అచ్చు వేయించెను. లక్షణములు తెలిసెనే గాని కారణము తెలియలేదు. ఆ వర్ణనను చదివిన యొక రోగి, తన బాధయు అదియేయని పేరు చెప్పకుండ హెబర్డెనునకు ఉత్తరము వ్రాసి, తాను హఠాత్తుగా మరణించినచో తన దేహమును కోసి పరీక్షింపుడని కోరెను. కొలది వారములలోనే అతడు మరణించెను. శవపరీక్ష జరపినవాడు హంటరు. కారణమేమియు కానరాలేదు.

గుండె దేహమునకెల్ల రక్తమును పంపునదైనను, తన కండకు వలయు రక్తమును మాత్రము తనపై ప్రాకియున్న రెండు సన్నని ధమనులద్వారా పొందును. వానిని హృదయధమను లందురు. జెన్నరు మొదట చూచిన రొమ్మునొప్పి రోగి 1772 నాటి ఈ రోగియే. ఆనాడు హృదయధమనులను ఎవ్వరును విప్పి చూడలేదని ఆయన కాలాంతరమున దాదాపు రూఢిగా చెప్పెను.

కొంతకాలమునకు బర్క్‌లీకి సమీపమున డర్స్‌లీ అను ఊర జెన్నరు చికిత్స చేయుచున్న యొక రోగి ఇదే వ్యాధిచే మరణించెను. జెన్నరు గుండెయందలి ముఖ్యభాగముల నన్నిటిని పరిశీలించెను. మరణకారణము దొరకలేదు. తుదకు గుండె మొదలుచెంత అడ్డముగా కోయుచుండగా, కత్తి గరగరలాడుచు ఏదో గట్టివస్తువునకు తగిలి, దాని వాదర మొక్కపోయెను. ఆ గది కప్పు పాతబడి పెళ్ళలూడుచుండెను. సున్నపు పెళ్ళ రాలెనేమో యని ఆయన తలయెత్తి పైకి చూచెను. పైనుండి ఏమియు రాలలేదు. మరల వంగి పరికింపగా, హృదయధమనులే ఎముకగొట్టములవలె మారియుండెను.

ఒక్క నిదర్శనముతో ఆయన తృప్తి చెందలేదు. పేతరసు అను మిత్రుని చేతిలోని రోగి యొకడు ఇదే తీరున చనిపోయినపుడు, శవపరీక్షకు ముందే, ధమనులు ఎముకవలె గట్టిపడియుండునని జెన్నరు మిత్రునితో పందెము వేయబోయెను. ఆ మాట పూర్తిగా నిజము కాలేదు. అయితే ధమనుల గోడలు గట్టిపడియుండెను. లోపల మృదులాస్థివంటి మరియొక గొట్టము ఏర్పడియుండెను. బిగుతైన చేతితొడుగునుండి వ్రేలు వెడలినట్లు అది ఊడివచ్చెను. రొమ్మునొప్పికి మూలము ఈ ధమనుల వికారమేయని అప్పుడు ఇరువురును నిశ్చయించిరి.

ఇక్కడనే ధర్మసంకటము ఏర్పడెను. 1773 మొదలు హంటరునకు అప్పుడప్పుడు తీవ్రమైన బాధ వచ్చుచుండెను. 1777లో ఆయన ఆరోగ్యమునకై బాత్ నగరమున నివసించినపుడు జెన్నరు పోయి చూచి, గురువునకు పట్టినది ఆ రొమ్మునొప్పి రోగమేయని గ్రహించెను. గురువు గుండెలోపల ఏమి జరుగుచున్నదో శిష్యునకు తెలియును. ఆ తెలివి గురువు పెట్టిన భిక్షయే. కాని దానికి మందు లేదు. ఈ సంగతిని ప్రకటించిన యెడల హంటరు చదువక మానడు. చదివిన యెడల కోలుకొందునను ఆశ ఆయనకు నశించును. ఈ భయమును జెన్నరు హెబర్డెనునకై వ్రాసిన ఉత్తరమున వెల్లడించెను. తన పరిశోధనను మాత్రము అచ్చు వేయింపలేదు.

మౌనము వహించెనని చెప్పి జెన్నరు సత్యమును పాతిపెట్టెనని తలపరాదు. హంటరు ఇంట ఆదివారపు రాత్రులందు జరుగు గోష్ఠిలో హెన్రీ క్లైను, ఎవరార్డు హోము అను వైద్యులతో తన అభిప్రాయమును వేరుగా చెప్పెను. వారు దానిని అంతగా లెక్కింపలేదు. 1788లో స్వమండలమున మిత్రులతో కలిసి స్థాపించిన వైద్యసంఘమునందును గుండెజబ్బులను గూర్చి చర్చించెను. కీళ్లవాతపు జ్వరము వచ్చినవారికి పిమ్మట గుండె చెడుట గలదని ఆ సంఘమున ఒక వ్యాసము చదివెను. ఆ వ్యాసపు ప్రతి నేడు మిగిలి లేదు.

హంటరు ముక్కోపి. కోపము వచ్చినపుడెల్ల రొమ్మునొప్పి వచ్చును. తన్ను రేపదలచిన ఏ దుష్టుని చేతిలోనైనను తన ప్రాణమున్నదని ఆయనయే చెప్పుకొనుచుండెడివాడట. అట్లే జరిగెను. 1793వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన సెయింట్ జార్జి ఆసుపత్రి సభలో వాదము పెరిగి, ఆయన మాటకు ఒకరు అడ్డు పలికిరి. హంటరు కోపమును దిగమ్రింగుకొని ప్రక్కగదిలోనికి పోయి, అచ్చటనే కూలి మరణించెను. శవపరీక్షలో హృదయధమనులు ఎముకవలె గట్టిపడియుండుట కనబడెను. హంటరు బావమరదియైన హోము వెంటనే జెన్నరునకు ఉత్తరము వ్రాసి, ఆయన చెప్పినదే నిజమని నిష్కపటముగా ఒప్పుకొనెను. తన ఊహ నిజమైనందుకు ఇంతటి దుఃఖమును పొందిన పరిశోధకులు అరుదు.

గురువు గతించిన పిదప దాచవలసిన అగత్యము లేదు. అయినను జెన్నరు ఆ కీర్తికై త్వరపడలేదు. బాత్ నగరవైద్యుడును, బాల్యమిత్రుడును అగు కేలబ్ పారీ ఈ వ్యాధిపై గ్రంథము వ్రాయుచుండగా తనకు తెలిసినదంతయు ఉత్తరమున వ్రాసి యిచ్చెను. పారీ 1799లో తన గ్రంథమున ఆ ఉత్తరమును చేర్చి, మిత్రునకు చెందవలసిన గౌరవమును చెల్లించెను.

జెన్నరు చూచినది సరియైనదేనా యని నేటి విజ్ఞానము నడిగిన, మిక్కిలి భాగము సరియేయని చెప్పును. ధమని లోపలిపొరలో క్రొవ్వు చేరి, వాపు పుట్టి, ఏండ్లు గడచినకొలది అందు సున్నపు లవణములు పేరుకొనును. ఆ లవణము ఎముకలోనిదానివంటిదే. కావున ఎముకగొట్టమను పోలిక వట్టి అలంకారము కాదు. అయితే ప్రాణము తీయునది గట్టిదనమొక్కటే కాదు. దారి ఇరుకగుట, ఆ చోట నెత్తురు గడ్డకట్టి దారిని మూసివేయుట ముఖ్యకారణములు. అమెరికా దేశపు వైద్యుడు జేమ్సు హెరిక్ 1912లో ఈ రెండవ విషయమును విశదపరచెను. 1990లో ఆర్థరు ఆగట్‌స్టన్ మొదలగువారు, గుండెకు తీసిన ఛాయాచిత్రములలో తెల్లగా కనబడు సున్నమును లెక్కించు పద్ధతిని ప్రకటించిరి. నాడు చచ్చినవాని గుండెలో కత్తికి తగిలినది నేడు బ్రదికియున్నవాని గుండెలో కంటికి కనబడుచున్నది.

ఆనాడు జెన్నరు మౌనము సరియా, తప్పా? మందే యుండిన యెడల ఆ మౌనము ఘోరాపరాధమై యుండెడిది. నేటి వైద్యుడు అట్లు మౌనము వహింపరాదు. ఏలయన, నేడు మందులు గలవు, శస్త్రచికిత్స గలదు. నాడు తెలియుటవలన హంటరునకు కలుగు లాభమేమియు లేదు. నష్టము మాత్రము గలదు. అందుచే శిష్యుడు తన పేరును వెనుకకు త్రోసి, గురువు మనశ్శాంతిని ముందుంచెను. అట్లని, లేనిది ఉన్నదని చెప్పలేదు; ఉన్నది లేదనియు చెప్పలేదు. ఎరుగదగినవారికి ఎరుకపరచి కాలమునకై వేచియుండెను. శాస్త్రజ్ఞునకు చూపు ఎంత అవసరమో హృదయమంత అవసరమని ఈ వృత్తాంతమువలన మాకు తోచుచున్నది.

జెన్నరు 1823వ సంవత్సరము జనవరి 26వ తేదీన బర్క్‌లీలోనే పరమపదించెను. పార్లమెంటు ఆయనకు 1802లో పదివేల పౌనులును, పిమ్మట ఇరువదివేల పౌనులును బహూకరించినది టీకాకొరకు. గుండెజబ్బుపై చేసిన పరిశోధనకు ఆయన బహుమానమేదియు పొందలేదు, కోరనులేదు.