ఆ నగర్ వెనుక ఉన్న పేరు.. ఏఎస్ రావు

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఈసీఐఎల్ బస్సెక్కితే దారిలో ఏఎస్ రావు నగర్ తగులుతుంది. అక్కడే హాస్టల్లో ఉంటూ పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్లు మీలో ఉండే ఉంటారు. మరి ఆ ఏఎస్ రావు ఎవరో తెలుసా?

పూర్తిపేరు అయ్యగారి సాంబశివరావు. 1914లో నేటి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. బెనారస్‌లో ఫిజిక్స్ చదివారు. టాటా స్కాలర్‌షిప్‌తో స్టాన్‌ఫర్డ్ వెళ్లి ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పూర్తిచేశారు. తిరిగొచ్చి బొంబాయిలో హోమీ భాభా దగ్గర చేరారు.

అణు రియాక్టర్ నడపాలంటే రేడియేషన్ కొలిచే పరికరాలు, కంట్రోల్ వ్యవస్థలు కావాలి. విదేశాల నుంచి కొనేయొచ్చు. ట్రాంబేలోని రావు బృందం మాత్రం సొంతంగా చేయడానికే పూనుకుంది. 1956లో మొదలైన అప్సర రియాక్టర్‌కు కంట్రోల్ వ్యవస్థ చేసింది వాళ్లే. ఆలోచించండి.. పదో పాతికో అమ్ముడుపోయే పరికరం మీద ఏళ్ల తరబడి ఏ ప్రైవేటు కంపెనీ డబ్బు పెడుతుంది? ప్రభుత్వ నిధులు అక్కడ అక్కరకొచ్చాయి. పరికరాలతోపాటు, వాటిని చేస్తూ పని నేర్చుకున్న ఇంజినీర్లూ తయారయ్యారు. నన్నడిగితే అసలు రాబడి వాళ్లే.

1967లో అణుశక్తి శాఖ కింద హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పుట్టింది. ఎండీగా దాన్ని నిలబెట్టింది రావే. ట్రాంబేలో నేర్చిన విద్య ఇక్కడ ఫ్యాక్టరీ సరుకైంది. అక్కడ రూపుదిద్దుకున్న టీడీసీ-12 కంప్యూటర్ ఇక్కడ తయారై అమ్మకానికొచ్చింది. ఈసీ టీవీ గురించైతే మీ తాతయ్యను అడగండి, చెబుతారు. 1972లో రావుకు పద్మభూషణ్ వచ్చింది.

ఇక రెండో వైపు కూడా చూడాలి. 1970ల్లో కంప్యూటర్ల తయారీలో కేంద్రం ఈసీఐఎల్‌కే పెద్దపీట వేసింది. దిగుమతులకు ఆంక్షలు, కొనేవాళ్లలో ఎక్కువమంది సర్కారువాళ్లే. పోటీ లేనప్పుడు ధర తగ్గించే తొందర ఎవరికుంటుంది? యంత్రాలు ఖరీదన్న విమర్శ వచ్చింది. 1978 ప్రాంతంలో మినీ కంప్యూటర్ల రంగంలోకి ప్రైవేటు కంపెనీలకు దారి వదిలారు. హెచ్‌సీఎల్ లాంటివి మైక్రోప్రాసెసర్ చిప్‌లతో చవకైన యంత్రాలు తెచ్చి దూసుకుపోయాయి. ఆ మార్కెట్లో ఈసీఐఎల్ వెనకబడింది. పరిశోధనకిచ్చిన డబ్బును తప్పుపట్టలేం. చిక్కంతా ఖాయంగా దొరికిన గిరాకీతో వచ్చింది.

అయితే సంస్థ మాత్రం నిలిచింది. దేశంలో ఓటింగ్ యంత్రాలు చేసే రెండు సంస్థల్లో ఈసీఐఎల్ ఒకటి. రావు 2003లో కన్నుమూశారు. మీలో చాలామంది అప్పటికింకా పుట్టలేదు.

2025లో కేంద్రం లక్ష కోట్ల రూపాయల పరిశోధన పథకాన్ని ఆమోదించింది. ఈసారి ప్రైవేటు కంపెనీలకు తక్కువ వడ్డీకి దీర్ఘకాలిక నిధులు అందుతాయి. అలాంటి కంపెనీ నుంచి మీకు ఇంటర్వ్యూ పిలుపొస్తే, చివర్లో మీరేమైనా అడుగుతారా అన్నప్పుడు ఊరుకోకండి. సర్కారు కాకుండా మీ సరుకు ఇంకెవరు కొంటున్నారని అడగండి.