ఆల్చిప్పవంటి సరస్సు



దేవుని వాక్యమును హృదయములో దాచుకొనుటను గూర్చి 119వ కీర్తనలో భక్తుడు పలికిన సంగతి మనమందరము ఎరిగినదే. గాదెలో దాచిన ధాన్యము కరవు దినమున ఆదుకొనునట్లు, హృదయములో దాచిన మాట ఆపద దినమున ఆదుకొనును. ఈ సత్యమును గ్రహించుటకై ఒక విమానచోదకురాలి జీవితమును ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము. ఆమె భక్తురాలని పేరు పొందినది కాదు. అయినను ఆమె జీవితములోని ఒక గడియ మనకు పాఠముగా ఉన్నది.

ఆమె పేరు అడ్రియెన్ బోలాండ్. 1895వ సంవత్సరము నవంబరు 25న ఫ్రాన్సు దేశములో, పారిస్ నగరమునకు సమీపమున జన్మించెను. ఏడుగురు బిడ్డలలో ఆమె కడగొట్టుది. యౌవనమున జూదములో డబ్బు పోగొట్టుకొని, అప్పు తీర్చు మార్గము వెదకుచు విమానము నడుపుట నేర్చుకొనెను. 1920 జనవరిలో ఆమెకు లైసెన్సు దొరికెను. కాడ్రన్ అను విమానముల కర్మాగారపు యజమాని ఆమెను పనిలో చేర్చుకొనెను. ఆ యేటనే ఆమె ఫ్రాన్సుకును ఇంగ్లండుకును నడుమనున్న సముద్రమును విమానముపై దాటెను. పిమ్మట తమ విమానములను చూపించుటకై ఆమెను దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశమునకు పంపిరి.

అర్జెంటీనాకును చిలీ దేశమునకును మధ్య ఆండీస్ పర్వతములు గోడవలె నిలిచియున్నవి. వాటిలో మిక్కిలి యెత్తయిన అకొంకాగువా శిఖరము సుమారు 6,960 మీటర్ల యెత్తు. 1918లో కొందరు పురుషులు విమానముపై ఆ పర్వతములను దాటియుండిరి. స్త్రీ యెవరును దాటలేదు. అడ్రియెన్ దాటవలెనని తలంచెను. అయితే ఆమె విమానము కఱ్ఱతోను గుడ్డతోను కట్టిన పాత రకపుది. దాని యంత్రము 80 గుఱ్ఱపు బలము మాత్రమే గలది. అది 4,000 మీటర్లకు మించి అంతగా ఎగురలేదు. బలమైన విమానము పంపుమని యజమానిని అడిగినను అతడు పంపలేదు. కాబట్టి ఆమె శిఖరముల మీదుగా గాక, వాటి నడుమ లోయలను పట్టుకొని పోవలసియుండెను. ఆ లోయలను చూపు సరియైన పటము ఆమె యొద్ద లేదు. ప్రాణవాయువు సీసాయు లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పవలెను. 4,000 మీటర్ల యెత్తున, సముద్రతీరమున మనము పీల్చు ప్రాణవాయువులో అయిదు పాళ్లకు మూడు పాళ్లే దొరకును. అప్పుడు ఊపిరి వేగమగును, చేతులు తడబడును, ఆలోచన మందగించును. అన్నిటికంటె అపాయమేమనగా, మందగించినట్లు ఆ మనుష్యునికి తెలియదు. తాను బాగుగానే ఉన్నానని తలంచును. ఒక్కొక్కప్పుడు లేని ధైర్యము పుట్టును. తప్పు దారియే సరియైన దారిగా తోచును. కొండలలో ఎగురువారి ప్రాణము తీయునది తరచుగా ఈ మోసమే.

ప్రయాణమునకు ముందు, ఆమె బ్యూనస్ ఎయిరిస్ నగరములో బస చేసియుండగా, పరిచయము లేని ఒక స్త్రీ ఆమెను చూడవచ్చెను. అడ్రియెన్ విసుగుతో, తన సిగరెట్టు కాలిపోవునంత సేపు మాత్రమే వినెదనని చెప్పెను. ఆ స్త్రీ చెప్పినది ఇది: కొండల నడుమ ఆల్చిప్పవంటి ఆకారమును రంగును గల సరస్సు ఒకటి కనబడును, అచ్చట కుడి ప్రక్క లోయ సుళువైన దారిగా తోచును గాని అటు పోయినచో నాశనమే, ఎడమకు తిరిగి, తలక్రిందులైన కుర్చీవంటి కొండ వైపు పోవలెను. అడ్రియెన్ ఆ మాటను అంతగా నమ్మలేదు. అయినను అది ఆమె మనస్సులో నిలిచెను. ఈ వృత్తాంతమును తరువాతి కాలమున ఆమెయే చెప్పెను.

1921 ఏప్రిల్ 1 ఉదయమున ఆమె మెండోసా పట్టణమునుండి బయలుదేరెను. కప్పులేని విమానము గనుక, చలికి ఓర్చుకొనుటకై బట్టల లోపల వార్తాపత్రికల కాగితములు చుట్టుకొనెను. అయినను చేతులు కొయ్యబారెను. ఇరుప్రక్కల కొండలు ఆమెకంటె ఎత్తుగా నిలిచియుండెను. కొంతసేపటికి క్రింద సరస్సు కనబడెను. అది ఆల్చిప్పవలెనే ఉండెను! కుడివైపు లోయ విశాలముగా తెరచియుండెను. ఎడమవైపు బండగోడ. కన్ను కుడికి పొమ్మనెను, బుద్ధియు కుడికే పొమ్మనెను. ఆమె తాను విన్న మాటను జ్ఞాపకము చేసికొని ఎడమకు తిరిగెను. దారి దొరికెను. నాలుగు గంటలకు పైగా ఎగిరి, చిలీ దేశపు రాజధానియైన శాంటియాగోలో క్షేమముగా దిగెను. అప్పటికామెకు 25 ఏండ్లు.

1924లో ఫ్రాన్సు ప్రభుత్వము ఆమెను బిరుదుతో గౌరవించెను. స్త్రీలకు ఓటు హక్కు కావలెనని ఆమె పోరాడెను. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున భర్తతో కూడ, తమ దేశమును ఆక్రమించిన జర్మనులకు విరోధముగా రహస్యముగా పనిచేసెను. 1975 మార్చి 18న కన్ను మూసెను.

ప్రియులారా, అపరిచితుల సోదెను నమ్ముడని మేము చెప్పుట లేదు. ప్రతి ఆత్మను నమ్మక పరీక్షించవలెనని యోహాను మొదటి పత్రిక నాలుగవ అధ్యాయము మనకు బోధించుచున్నది. మనకు సోదె అక్కరలేదు. పరీక్షకు నిలిచిన వాక్యము మనకున్నది. మనము నేర్చుకొనవలసినది ఇది: సరస్సు నొద్దకు చేరిన పిమ్మట దారి అడుగుటకు ఆమెకు ఎవరును లేకుండిరి. నేలమీద, నెమ్మదిగా ఊపిరి పీల్చుచున్నప్పుడు విన్న మాటయే పైన ఆమెను కాపాడెను.

మనకును పలుచని గాలి గల దినములు వచ్చును. పంట పోయి అప్పులవాడు గుమ్మములో నిలిచిన దినము, బిడ్డ జ్వరముతో మూల్గు రాత్రి, అన్నదమ్ముల నడుమ పొలము గట్టు తగవు రేగిన దినము — అట్టి వేళ మన తలంపు మందగించును, కోపమే ధైర్యమని తోచును. విశాలమైన దారి, ప్రభువు మత్తయి ఏడవ అధ్యాయములో హెచ్చరించిన ఆ దారియే, కుడిచేతి వైపు తెరచియుండును. ఆ గడియలో బైబిలు తెరచుటకు కొందరికి తీరిక ఉండదు, కొందరికి చదువు రాదు. ముందుగా కంఠతః నేర్చినదే అప్పుడు నోటికి వచ్చును.

కాబట్టి తలిదండ్రులారా, నెమ్మది గల ఈ దినములలోనే వారమునకు ఒక వచనమైనను ఇంటిలో అందరును కలిసి నేర్చుకొనుడి. చదువు రాని అవ్వకు మనుమరాలు చెప్పవచ్చును. సరస్సు కనబడు దినమున, ఏ వైపు తిరుగవలెనో ప్రభువు మనకు జ్ఞాపకము చేయును గాక. ఆమేన్.