జగడాలమారి రోగులకు తల్లి అయ్యాడు

జూలై 14న తల్లి శ్రీసభ పునీత కమిల్లుస్ దె లెల్లిస్‌ను స్మరిస్తుంది. రోగులకు, నర్సులకు, ఆసుపత్రులకు పాలక పునీతుడైన ఈయన యవ్వనంలో పేరుమోసిన జగడాలమారి.

కమిల్లుస్ 1550 మే 25న ఇటలీలోని బుక్కియానికోలో జన్మించాడు. లేకలేక, ముదిమిలో తల్లి కన్న బిడ్డ. తండ్రి సిపాయి; ఇంటిపట్టున ఉన్నది తక్కువ. పన్నెండు, పదమూడేళ్ల ప్రాయంలో తల్లి కన్నుమూసింది. చేరదీసిన బంధువులు పట్టించుకోలేదు. తండ్రి వెంట సైన్యానికి వెళ్లాడు. కొంతకాలానికి తండ్రీ పోయాడు. మిగిలినవి ఆరడుగులు దాటిన దేహం, కాలిమీద మానని పుండు, జూదం, ముక్కుమీద కోపం.

1571లో రోము నగరంలోని పునీత యాకోబు ఆసుపత్రిలో వైద్యం చేయించుకుంటూ అక్కడే పనికి కుదిరాడు. పేకాట, కొట్లాటల వలన కొద్ది నెలలకే వెళ్లగొట్టారు. కోపం తగ్గలేదు; మళ్లీ సైన్యంలోకే పోయాడు. 1574లో నేపుల్స్‌లో జూదమాడి సర్వం పోగొట్టుకుని, మన్‌ఫ్రెదోనియాలో గుడి ముందు బిచ్చమెత్తాడు.

ఆ ఊళ్లో కపుచిన్ మఠవాసులు అతణ్ణి కట్టడం పనిలో పెట్టుకున్నారు. 1575 ఫిబ్రవరి 1న ఒక మఠపెద్ద పక్కకు పిలిచి ఆప్యాయంగా మాట్లాడాడు. మరునాడు దారిలోనే కమిల్లుస్ మోకరిల్లి కన్నీరు కార్చాడు.

పుండు తిరగబెట్టడంతో మఠంలో కొనసాగలేకపోయాడు. తనను గెంటివేసిన ఆసుపత్రికే సేవకుడై తిరిగివచ్చాడు. పునీత ఫిలిప్పు నేరి అతనికి ఆధ్యాత్మిక మార్గదర్శి అయ్యాడు. కమిల్లుస్ 1584లో గురుపట్టం పొందాడు. ఆయన నెలకొల్పిన రోగుల సేవకుల సభను 1586లో 5వ సిక్స్తుస్ పోపుగారు ఆమోదించారు. జబ్బుపడిన ఒక్కగానొక్క బిడ్డను తల్లి చూసినట్లు రోగిని చూడాలని ఆ సభవారికి నియమం పెట్టాడు. చిన్ననాట తాను పోగొట్టుకున్నదే పదిమందికీ పంచాడు. పుండు నలభై ఏళ్లు దాటినా మానలేదు. కోపం మాత్రం సేవగా మారింది. 1614 జూలై 14న మరణించాడు. 1746లో శ్రీసభ ఆయనను పునీతుడుగా ప్రకటించింది.

కట్టంగూర్ వంటి మన ఊళ్లలోనూ తల్లిదండ్రులను పోగొట్టుకుని, లేదా బతుకుదెరువుకు ఒంటరిగా దూరదేశం పోయివచ్చి, చీటికిమాటికి మీదపడే మగవారున్నారు. ఏడవడం నామోషీ అనుకునే మగవాడికి కోపమొక్కటే భాష అవుతుంది. ఒంటరితనం చేయిచేసుకోవడానికి సాకు కాదు. భార్యాబిడ్డలు దెబ్బలు ఓర్చుకోనక్కరలేదు. కాని వెలివేస్తే అతని ఒంటరితనం రెట్టింపవుతుంది. కమిల్లుస్‌కు మఠవాసులు ఇచ్చినవి రెండే: చేతికి పని, చెవిన ఒక మంచిమాట. మన విచారణలో అలాంటి సోదరుని ఈ వారం పేరుపెట్టి పలకరిద్దాం.